నిదానమే ప్రధానం

తెలుగువారి వ్యవహారంలో 'నిదానం' అంటే తొందరపాటు లేని నడత. సంస్కృతంలో ఆ మాటకు మూలకారణం అని అర్థం. ఆయుర్వేదంలో రోగకారణాన్నీ, ఆ కారణాన్ని నిర్ణయించే పద్ధతినీ కూడా నిదానమనే పిలిచారు. మాధవకరుడు రచించిన రోగనిర్ణయ గ్రంథం 'మాధవనిదానం' అనే పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. రోగాన్ని గుర్తించడానికి ప్రాచీన వైద్యులు ఐదు మార్గాలు చెప్పారు. వ్యాధికి దారితీసిన కారణం నిదానం. వ్యాధి ముదరకముందే కనిపించే గుర్తులు పూర్వరూపం. వ్యాధి బయటపడిన తరువాత స్పష్టంగా కనిపించే లక్షణాలు రూపం. దేనివలన రోగికి ఉపశమనం కలుగుతున్నదో గమనించడం ఉపశయం. కారణం నుండి వ్యాధి పుట్టి పెరిగిన క్రమం సంప్రాప్తి. ఈ ఐదింటినీ కలిపి నిదానపంచకం అంటారు.

మనిషి శరీరం కోసం ఏర్పడిన ఈ ఆలోచనాక్రమం యంత్రాలకు కూడా చక్కగా వర్తిస్తుంది. యంత్రం మాట్లాడలేదు. తన బాధను వేడి, చప్పుడు, వాసన, పొగ వంటి గుర్తుల ద్వారా మాత్రమే తెలుపుతుంది. ఆ గుర్తులను చదవగలిగినవాడే మంచి మెకానిక్. చదవలేనివాడు ఒక్కొక్క భాగాన్నే మారుస్తూ పోతాడు. మారిన ప్రతి భాగానికీ మూల్యం చెల్లించేది వాహన యజమాని. రోజంతా కారు నడిపి ఆ రాబడితో ఇల్లు గడుపుకునే అద్దెకారు చోదకునికి ఇది చిన్న విషయం కాదు. అందువలన ఒక సాధారణమైన యంత్రవ్యాధిని తీసుకొని, దాని మూలాన్ని కనుగొనే తీరును పరిశీలించడం ప్రయోజనకరం. ఆ వ్యాధి, కారు నిలిచి ఉన్నప్పుడు ఇంజను వేడెక్కిపోవడం.

వింతగా తోచే లక్షణం

జాతీయ రహదారిపై గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నంతసేపూ కారులోని ఉష్ణోగ్రత ముల్లు మధ్యలోనే నిలిచి ఉంటుంది. నగరంలో ప్రవేశించి, విజయవాడ బెంజి సర్కిల్ వద్దనో, హైదరాబాదు అమీర్‌పేట కూడలిలోనో ఎర్రదీపం ముందు ఆగగానే ముల్లు మెల్లగా పైకి కదులుతుంది. దీపం పచ్చబడి వాహనం నాలుగు ఫర్లాంగులు సాగగానే ముల్లు మళ్లీ దిగుతుంది. వేగంగా పరుగెత్తి ఎక్కువ పని చేసినప్పుడు చల్లగా ఉన్న ఇంజను, ఏ పనీ లేక నిలుచున్నప్పుడు ఎందుకు వేడెక్కాలి? పైకి ఇది తలకిందులుగా తోస్తుంది. కాని ఈ వైపరీత్యంలోనే వ్యాధి మూలానికి దారి ఉంది. ఆ దారిని పట్టుకోవాలంటే ఇంజను తన వేడిని ఎలా వదిలించుకుంటుందో ముందుగా తెలియాలి.

వేడి పుట్టుక, వేడి నిష్క్రమణ

ఇంజను సిలిండరులో ఇంధనం మండినప్పుడు అక్కడి వాయువుల ఉష్ణోగ్రత క్షణకాలం 2000 డిగ్రీల సెంటీగ్రేడును మించుతుంది. ఇంజను పైభాగమైన సిలిండర్ హెడ్‌ను నేటి కార్లలో అల్యూమినియం మిశ్రమలోహంతో చేస్తారు. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల వద్దనే కరిగిపోతుంది. అయినా ఇంజను కరగకుండా ఉండటానికి కారణం, దాని గోడలలోని సన్నని కాలువల గుండా నిరంతరం ప్రవహించే శీతలద్రవమే. వాడుకలో దీనినే కూలెంట్ అంటారు.

సాధారణ పెట్రోలు ఇంజనులో ఇంధనశక్తిలో ఇంచుమించు మూడోవంతు మాత్రమే పనిగా మారుతుంది. సుమారు మరొక మూడోవంతు పొగతోపాటు సైలెన్సర్ గొట్టం గుండా పోతుంది. మిగిలిన దానిలో అధికభాగాన్ని కూలెంట్ మోసుకుపోవాలి. వాటర్ పంపు ఈ ద్రవాన్ని ఇంజనులోకి నెడుతుంది. ఇంజనులో వేడెక్కిన ద్రవం పై హోస్ పైపు గుండా కారు ముందుభాగంలోని రేడియేటరుకు చేరుతుంది. రేడియేటరులోని సన్నని గొట్టాల గుండా, వాటికి అతికిన పలుచని రేకుల మధ్యగా వీచే గాలికి తన వేడిని అప్పగిస్తుంది. చల్లబడిన ద్రవం కింది హోస్ పైపు ద్వారా మళ్లీ ఇంజనును చేరుకుంటుంది.

ఈ మార్గంలో థర్మోస్టాట్ అనే చిన్న తలుపు ఉంటుంది. దానిలోని మైనం వంటి పదార్థం సుమారు 82 నుండి 90 డిగ్రీల మధ్య కరిగి, వ్యాకోచించి తలుపును తెరుస్తుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు తలుపు మూసుకొని ఉండటం వలన ఇంజను త్వరగా తగిన వేడిని అందుకుంటుంది. రేడియేటర్ మూతకు కూడా ఒక విశేషముంది. అది లోపలి ద్రవాన్ని వాతావరణ పీడనం కంటె సుమారు ఒక బార్ అధిక పీడనంలో నిలిపి ఉంచుతుంది. 100 డిగ్రీల వద్ద మరిగే నీరు ఆ పీడనంలో సుమారు 120 డిగ్రీల వరకు మరగకుండా ఉంటుంది.

దీనిని బట్టి శీతలీకరణకు రెండు ప్రవాహాలు అవసరమని తెలుస్తున్నది. ఒకటి ద్రవ ప్రవాహం. రెండవది గాలి ప్రవాహం. కారు పరుగెత్తుతున్నప్పుడు గాలి తనంతట తానే రేడియేటరులోకి దూసుకువస్తుంది. కారు ఆగగానే ఆ గాలి ఆగిపోతుంది. అప్పుడు గాలిని లాగవలసిన భారమంతా రేడియేటర్ ఫ్యాను మీద పడుతుంది. ఇంజను నిమిషానికి 700 నుండి 900 చుట్లు మాత్రమే తిరుగుతూ ఉంటుంది కనుక, దానితోపాటు బెల్టు మీద తిరిగే వాటర్ పంపు కూడా నెమ్మదిస్తుంది. పుట్టే వేడి తగ్గిన మాట నిజమే. కాని ఆ వేడి బయటికి పోయే దారి అంతకంటె ఎక్కువగా కుంచించుకుపోతుంది. పైపెచ్చు ఏసీ నడుస్తూ ఉంటే, రేడియేటరుకు ముందు అమర్చిన ఏసీ కండెన్సర్ వదిలిన వేడిగాలి కూడా రేడియేటర్ మీదికే వస్తుంది. బయట ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున ఈ కష్టం రెట్టింపవుతుంది.

పాత కాలపు సమస్య

ఈ సమస్య కారుతోపాటే పుట్టింది. 1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ పొందిన మూడు చక్రాల కారులో నేటి వంటి రేడియేటర్ లేదు. ఇంజను చుట్టూ ఉన్న నీరు మరిగి ఆవిరై పోతూ వేడిని తీసుకుపోయేది. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ తన ఇద్దరు కుమారులతో కలిసి మాన్‌హైమ్ నుండి ఫోర్ట్జ్‌హైమ్‌కు, సుమారు 100 కిలోమీటర్ల దూరం ఆ కారులో ప్రయాణించారు. దారి పొడవునా పలుమార్లు నీరు నింపుకోవలసి వచ్చింది. ఇంధన గొట్టం పూడుకుపోతే ఆమె తన టోపీ పిన్నుతో దానిని శుభ్రం చేశారు. యంత్రం ఆగినప్పుడు బెదరక, కారణాన్ని వెదికి, చేతిలో ఉన్న సాధనంతో సరిచేసిన తొలి చోదకులలో ఆమె ఒకరు.

ఆ తరువాత విల్‌హెల్మ్ మేబాక్ 1900లో రూపొందించిన 35 అశ్వశక్తుల మెర్సిడెస్ కారులో తేనెపట్టు ఆకారపు రేడియేటరును అమర్చారు. వేలకొలది సన్నని గొట్టాల గుండా గాలి పోయే ఏర్పాటు అది. వేగం తక్కువగా ఉన్నప్పుడు గాలి చాలదని గ్రహించి దాని వెనుక చిన్న ఫ్యానును కూడా జోడించారు. నేటి కార్లలోని ఏర్పాటుకు అదే మూలం.

ఉపశయం చూపే దారి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రావచ్చు. కదిలితే తగ్గుతున్నది, ఆగితే పెరుగుతున్నది. కదలడం వలన ఉపశమనం కలుగుతున్నదంటే, కదలిక వలన లభించేది ఆగినప్పుడు కొరవడుతున్నదన్న మాట. కదలిక వలన లభించేది ప్రధానంగా గాలి. కాబట్టి మొదటి అనుమానం ఫ్యాను మీదికి పోవాలి. ఇందుకు భిన్నంగా, నగరంలో చల్లగా ఉండి రహదారిపై వేగంగా పోయేటప్పుడు మాత్రమే వేడెక్కే కారులో గాలికి కొరత లేదు. అక్కడ రేడియేటర్ గొట్టాలు లోపల పూడుకుపోవడం, థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోకపోవడం వంటి ద్రవమార్గ దోషాలను ముందుగా అనుమానించాలి. ఆగినా, సాగినా వేడెక్కే కారులో కూలెంట్ తగ్గిపోవడమో, థర్మోస్టాట్ మూసుకొని బిగుసుకుపోవడమో, అంతకంటె పెద్ద దోషమో ఉండవచ్చు. 'ఎంత వేడెక్కింది' అన్న ప్రశ్న కంటె 'ఎప్పుడు వేడెక్కింది' అన్న ప్రశ్న విలువైనది కావడానికి కారణమిదే.

ఒక సందర్భాన్ని ఊహించవచ్చు. గుంటూరు, విజయవాడల మధ్య కిరాయికి తిరిగే కారు ఒకటి ఇదే బాధతో మరమ్మతు షెడ్డుకు వచ్చింది. రేడియేటర్ మార్చక తప్పదని ఎవరో చెప్పగా చోదకుడు దిగులుతో ఉన్నాడు.

"అన్నా, కొత్త రేడియేటర్ వెయ్యాలంట. ఎంతవుద్ది?" అని అతడు అడిగాడు.

"ధర సంగతి తర్వాత తమ్ముడూ. బండి వేడెక్కేది పరుగెత్తేటప్పుడా, ఆగినప్పుడా? అది చెప్పు ముందు" అన్నాడు మెకానిక్.

ఆగినప్పుడే అని తెలిసిన తరువాత మెకానిక్ చేసిన పని క్రమబద్ధమైనది. ఇంజను పూర్తిగా చల్లారనిచ్చి, కూలెంట్ మట్టం చూశాడు. సరిగానే ఉంది. హోస్ పైపుల వద్ద, వాటర్ పంపు కింద తడి లేదు. పంపు బెల్టు బిగువుగానే ఉంది. రేడియేటరుకూ కండెన్సరుకూ మధ్య ఆకులు, బురద, పురుగులు పేరుకోలేదు. ఆ పైన ఇంజను నడిపి నిలిపి ఉంచాడు. ముల్లు మధ్యభాగాన్ని దాటినా ఫ్యాను కదలలేదు. ఏసీ వేశాడు. ఒకే ఫ్యాను ఉన్న ఆ కారులో ఏసీ వేయగానే ఫ్యాను తిరగాలి. అప్పుడు కూడా తిరగలేదు.

ఈ చిన్న పరీక్ష వలన అనుమాన క్షేత్రం బాగా తగ్గింది. ఏసీతో ఫ్యాను తిరిగి, వేడికి మాత్రం తిరగకపోతే ఉష్ణోగ్రతను తెలిపే సెన్సారును అనుమానించాలి. రెండింటికీ తిరగడం లేదు కనుక, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఫ్యూజు, రిలే, తీగలు, మోటారు వీటిలోనే దోషం ఉండటానికి అవకాశం ఎక్కువ. ఫ్యూజు చూస్తే బాగుంది. ఇంజను ఆపి, మోటారుకు బ్యాటరీ నుండి నేరుగా విద్యుత్తు అందిస్తే ఫ్యాను జోరుగా తిరిగింది. అంటే మోటారు నిర్దోషి. మిగిలినవి రిలే, తీగలు. అదే పెట్టెలో మరొక పనికి వాడే, అదే రకానికి చెందిన రిలేను తీసి ఫ్యాను రిలే స్థానంలో ఉంచి, ఇంజను నడిపి ఏసీ వేయగానే ఫ్యాను తిరిగింది. దోషి దొరికింది. మార్చవలసినది అగ్గిపెట్టెకంటె చిన్నదైన రిలే మాత్రమే. రేడియేటరుకు ఏ జబ్బూ లేదు. కొత్త రేడియేటర్ వేసి ఉంటే ఖర్చు పెరగడమే కాక, ఫ్యాను తిరగని కారు తరువాతి కూడలిలో మళ్లీ వేడెక్కి ఉండేది.

ఫ్యాను తిరిగినా తగ్గకపోతే

అన్ని కార్ల కథా ఇంత సులువుగా ముగియదు. ఫ్యాను తిరుగుతున్నా ముల్లు పెరుగుతూ ఉంటే, గాలి నిజంగా రేడియేటర్ గుండా పోతున్నదా అని చూడాలి. ముందువైపు ఒక కాగితాన్ని రేకులకు దగ్గరగా ఉంచితే గాలి దానిని లోపలికి లాగి అతికించుకోవాలి. కాగితం బయటికి ఎగిరితే ఫ్యాను తలకిందులుగా తిరుగుతున్నట్టు. మరమ్మతులో మోటారు తీగలు తారుమారైతే ఇలా జరుగుతుంది. కొన్ని వాహనాలలో ఫ్యాను ఇంజనుతోపాటే తిరుగుతుంది. దానిలోని చిక్కని సిలికాన్ ద్రవంతో పనిచేసే క్లచ్ బలహీనపడితే, ఇంజను వేడెక్కినా ఫ్యాను వేగం పుంజుకోదు.

గాలిమార్గంలో లోపం లేదని తేలిన తరువాత ద్రవమార్గాన్ని పరీక్షించాలి. కూలెంట్ మట్టం తగ్గితే, లేదా గొట్టాలలో గాలిబుడగ చిక్కుకుంటే, నెమ్మదిగా తిరిగే పంపు ద్రవాన్ని సరిగా నెట్టలేదు. పంపు రెక్కలు అరిగినా ఇదే ఫలితం. పై హోస్ పైపు కాలిపోతూ, కింది పైపు చల్లగా ఉంటే ద్రవం రేడియేటర్ గుండా పారడం లేదని అర్థం. రేడియేటర్ మూత రబ్బరు పాడైతే పీడనం నిలవక ద్రవం ముందుగానే మరుగుతుంది. ఒక్కొక్కసారి ఇంజనుకు ఏ దోషమూ ఉండదు. ఉష్ణోగ్రతను చూపే గేజియో, సెన్సారో అబద్ధం చెబుతూ ఉంటుంది. అందుచేత స్కానర్ ద్వారా గాని, దూరం నుండి వేడిని కొలిచే ఉష్ణమాపకం ద్వారా గాని ముల్లు మాటను సరిచూసుకోవాలి.

ఎక్కడా కారకుండానే కూలెంట్ తరచుగా తగ్గిపోవడం, రిజర్వాయర్ సీసాలో ఎడతెగని బుడగలు, సైలెన్సర్ నుండి తెరలు తెరలుగా తెల్లని పొగ, ఇంజనాయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు మారడం, ఇవి కనిపిస్తే సిలిండర్ హెడ్ గాస్కెట్ చెడినట్టు అనుమానించాలి. దీనిని నిర్ధారించడానికి ఒక నీలిరంగు ద్రావణం ఉంది. కూలెంట్ పైనున్న వాయువులో సిలిండరు నుండి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ ఉంటే అది పసుపురంగుకు మారుతుంది.

నిర్లక్ష్యానికి మూల్యం

గాస్కెట్ చెడటం చాలాసార్లు మొదటి వ్యాధి కాదు, ముదిరిన వ్యాధి. పోత ఇనుముతో పోలిస్తే అల్యూమినియం వేడికి ఇంచుమించు రెట్టింపు వ్యాకోచిస్తుంది. మితిమీరిన వేడిలో అల్యూమినియం హెడ్ వంకరపోతుంది. హెడ్‌కూ, కింది బ్లాకుకూ మధ్యనున్న గాస్కెట్ నలిగి దారి ఇస్తుంది. కూలెంట్ సిలిండరులోకీ, నూనెలోకీ చేరుతుంది. ఒక చిన్న రిలే చేసిన తప్పు చివరకు ఇంజను మొత్తాన్ని విప్పవలసిన స్థితికి తెస్తుంది. సంప్రాప్తి అంటే ఇదే. కూడలిలో ముల్లు కొద్దిగా కదలడం పూర్వరూపం. ఆ దశలో గమనించినవానికి ఖర్చు స్వల్పం.

ప్రాణానికి సంబంధించిన జాగ్రత్త ఇంకొకటి ఉంది. వేడెక్కిన ఇంజను రేడియేటర్ మూతను ఎన్నడూ తెరవరాదు. లోపల పీడనంలో 100 డిగ్రీలకు మించిన ద్రవం ఉంటుంది. మూత వదులు కాగానే పీడనం పడిపోయి, ద్రవం ఒక్కసారిగా ఆవిరిగా మారి పైకి చిమ్ముతుంది. ముఖం, చేతులు, కళ్లు కాలిపోయే ప్రమాదం ఉంది. వేడి ఇంజను మీద చల్లని నీళ్లు గుమ్మరించడమూ తప్పే. లోహం హఠాత్తుగా సంకోచించి పగుళ్లు పడవచ్చు. ఇంజను ఆపిన తరువాత కూడా విద్యుత్ ఫ్యాను దానంతట అది తిరగవచ్చు కనుక చేతులు దూరంగా ఉంచాలి.

దారిలో ముల్లు పెరుగుతున్నట్టు కనిపిస్తే ముందుగా ఏసీ ఆపాలి. హీటరు ఉన్న కారులో దానిని పూర్తిగా తెరిచి, అద్దాలు దించాలి. హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే కనుక కొంత వేడిని లాగుతుంది. ముల్లు ఎర్రగీతను సమీపిస్తే వాహనాన్ని పక్కకు తీసి ఇంజను ఆపివేయడమే మార్గం. ఆ పైన పై హోస్ పైపు చేతితో ముట్టుకోగలిగినంత చల్లారే వరకు వేచి ఉండాలి.

నివారణ విషయంలో నీటి మాట చెప్పుకోవాలి. తెలుగునాట అనేక ప్రాంతాలలో బోరునీరు కఠినజలం. నీళ్లు కాచే పాత్ర అడుగున తెల్లగా పేరుకునే సున్నపు పొర వంటిదే రేడియేటర్ గొట్టాలలోనూ ఏర్పడి, వేడిని బయటికి పోనివ్వదు. అందువలన తయారీదారు సూచించిన కూలెంట్‌ను, అవసరమైతే స్వేదనజలంతో తగిన పాళ్లలో కలిపి వాడాలి. కూలెంట్‌లో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తీపిగా ఉండే విషం. దానిని మంచినీళ్ల సీసాలలో పోసి ఉంచరాదు. పిల్లలకు, పెంపుడు జంతువులకు అందనీయరాదు.

బ్యాటరీతో నడిచే కార్లు రోడ్ల మీదికి వచ్చిన ఈ కాలంలో కూడా ఈ విద్యకు కాలం చెల్లలేదు. వాటిలోనూ బ్యాటరీని, మోటారును చల్లబరిచే ద్రవాలు, పంపులు, ఫ్యానులు చాలావాటిలో ఉన్నాయి. యంత్రాలు మారవచ్చు. లక్షణాన్ని గమనించడం, అది ఎప్పుడు పెరుగుతున్నదో, ఎప్పుడు తగ్గుతున్నదో అడగడం, ఒక్కొక్క పరీక్షతో కొన్ని అనుమానాలను తొలగించడం, మిగిలిన కారణాన్ని నిరూపించిన తరువాతనే చెయ్యి వేయడం అనే క్రమం మారదు. వైద్యునికైనా, మెకానిక్‌కైనా, సమాజంలోని రుగ్మతలను పరిశీలించే పౌరునికైనా ఇదే బాట. మూలకారణాన్ని తెలిపే నిదానానికీ, తొందరపడని నిదానానికీ తెలుగులో ఒకే మాట ఉండటం సముచితంగానే ఉంది. రెండవది లేనిదే మొదటిది దొరకదు.